ప్రతి నాలుగు నిమిషాలకూ ఒక మాట

మేడమీది గది,
జనవరి 8.

గడుగ్గాయికి,

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. నేను మాటలు మింగడం లేదు. "వయసు మీద పడ్డాక చదువుతూ చదువుతూ అక్కడక్కడా ఒక మాట జారిపోవడం మామూలే, దిగులుపడకు అమ్మమ్మా" అని ఎంతో పెద్దమనసుతో రాశావు. దిగులుపడే అలవాటు నాకు లేదు. మాట జారవిడిచే అలవాటు అంతకన్నా లేదు. ముప్పై రెండేళ్లు కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. చివరి బెంచీలో నిద్రపోదామని వచ్చినవాడికి సైతం నా ప్రతి మాటా చివరి అక్షరం దాకా వినబడేది. అప్పట్లో నా మీద వచ్చిన ఫిర్యాదల్లా అదే.

విషయం మీ అమ్మ చెప్పిందన్నావు. మీ అమ్మ ఏదైనా సగం వింటుంది, రెండింతలు చెబుతుంది. కనుక అసలు సంగతి నేను రాస్తాను. అంధుల పాఠశాలకు ఆరేళ్లుగా పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తున్నాను. రోజూ పొద్దున రెండు గంటలు, ఈ గదిలో, మైకు ముందు. ఇప్పుడు నడుస్తున్నది జ్యామితి. పోయిన వారం హెడ్మిస్ట్రెస్ కబురు చేసింది, నా రికార్డుల్లో మాటలు పోతున్నాయని. "ఈ రెండు త్రిభుజాలూ సర్వసమానాలు కావు" అని నేను చదివిన చోట చివరి మాట లేదు. ఇరవై ఆరుమంది విద్యార్థులు అవి సర్వసమానాలేనని కంఠస్థం చేసి కూర్చున్నారు. నన్ను కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. నా చోట ఒక మాజీ అనౌన్సరమ్మను పెట్టారు. ఆవిడ సిద్ధాంతం చదివితే ఏదో రైలు మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టుంటుంది. వచ్చే ఏటి పుస్తకాలు ఎవరు చదవాలో మే నెలాఖరున పాఠశాల కమిటీ తేలుస్తుంది. ఆ లోగా తప్పు నాది కాదని రుజువు కాకపోతే నన్నీ కుర్చీలోంచి లేపేసినట్టే.

ఇక సాక్ష్యం. గంట రికార్డు మొత్తం కూర్చుని విన్నాను. మాట పోయిన చోటల్లా వేళ రాసుకున్నాను. ప్రతి నాలుగు నిమిషాల పది సెకన్లకూ ఒకసారి, అరసెకను ఖాళీ. ముసలితనం ఇంత క్రమశిక్షణతో వస్తుందని నాకెవరూ చెప్పలేదు. అయినా నీలాంటి మనవరాళ్లుంటారని, మర్నాడు మైకు పక్కన అలారం గడియారం పెట్టుకుని చదివాను. నా మాట పోయిన ప్రతిచోటా దాని టిక్కు కూడా పోయింది. గడియారానికీ డెబ్భై ఎనిమిదేళ్లు నిండాయంటావా?

నువ్వు డిసెంబరులో వచ్చి నా కంప్యూటరుకు మీ ఆఫీసువాళ్ల కొత్త సిస్టమ్ ఎక్కించి, "చూడు, రెండు శాతం వేగం పెరిగింది" అని మురిసిపోయావు. అది ఎక్కించిన తొమ్మిదో రోజున ఈ ఖాళీలు మొదలయ్యాయి. మధ్యలో కరెంటు పోయి కంప్యూటరు ఆగి మళ్లీ వెలిగింది. ఎనిమిది రోజులు శుభ్రంగా ఉంది. తొమ్మిదో రోజున మళ్లీ మొదలు.

నాకు కావలసినవి రెండు. తప్పెక్కడుందో కనిపెట్టు. కనిపెట్టాక, తప్పు చదివినావిడది కాదు, మా సిస్టముది అని మీ ఆఫీసు కాగితం మీద హెడ్మిస్ట్రెస్‌కు రాసివ్వు. నేను చెబితే ఆడలేక మద్దెల ఓడంటోంది అంటారు. మద్దెల చేసినవాళ్లే చెబితే నోరు మూస్తారు.

ఫోన్ చెయ్యకు. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూస్తుంటావు. కాగితం మీదైతే అబద్ధం చెప్పడానికి కూడా కాస్త కూర్చోవాలి.

అమ్మమ్మ

---

ఆఫీసు, మూడో అంతస్తు,
జనవరి 13.

అమ్మమ్మకు,

సరే, నువ్వు మింగలేదు. ఒప్పుకున్నాను. నీ గడియారం సాక్ష్యం చదివి వినిపిస్తే మా బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు, నిన్ను చూసి కాదులే. మా జట్టులో ఒకతను రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడడు. మేమతన్ని మౌని అంటాం. అతనొక్కడే నవ్వకుండా "తొమ్మిదో రోజా?" అని అడిగాడు. దాంతో ఆ రోజు కోటా సగం అయిపోయింది.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. కంప్యూటరులో అన్నిటికీ అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాము అడిగినా మెమరీ పంచి ఇచ్చేదీ, పని అయ్యాక వెనక్కి తీసుకునేదీ అదే. మెమరీ అంటే వంటింటి అలమరా అనుకో. గిన్నెలు, డబ్బాలు ఎక్కడివక్కడ సర్దుతుంటాం కదా, అలాగన్నమాట. ఆ సర్దే పని మా విభాగానిది. పోయిన నెల నుంచి ఆ విభాగానికి నేనే పెద్దని, అమ్మ చెప్పే ఉంటుంది. ఆ రెండు శాతం వేగం నేను చేసిన మార్పు వల్ల వచ్చిందే. అందుకే ఇచ్చారు.

మా పరీక్షల్లో ఎక్కడా ఇలాంటి ఖాళీలు కనబడలేదు. రోజుకు కొన్ని వందల పరీక్షలు నడుపుతాం. నీ కంప్యూటరు పాతది, దాని మెమరీ మా యంత్రాల్లో అరవయ్యో వంతు. అందుకని తేలికైన మందు చెబుతాను. రోజూ చదవబోయేముందు ఒకసారి ఆపి వెయ్యి. ఖాళీలు రావు, నీ పనీ ఆగదు.

ఆఫీసు కాగితం మాటకు మా పెద్దాయన ఒప్పుకోడు. లోపం ఉందని తేలకుండానే ఉందని ఎలా రాస్తాం?

గడుగ్గాయి

---

మేడమీది గది,
జనవరి 17.

మెమరీ విభాగం పెద్దగారికి,

అలమరా ఉపమానం అందింది. నేను వంటింట్లో ఉన్న కాలం కన్నా బోర్డు ముందు నిలబడ్డ కాలం ఎక్కువ. నాకు సమితి అంటే తెలుసు, క్రమం అంటే తెలుసు, పక్కపక్కన అంటే ఏమిటో దూరదూరంగా అంటే ఏమిటో తెలుసు. గిన్నెలు లేకుండా చెప్పు. గిన్నెలతో తప్ప చెప్పలేకపోతే విషయం నీకే అర్థం కాలేదని అర్థం. ఈ ముక్క నా విద్యార్థులకు ఏటా చెప్పేదాన్ని. ఇంట్లో చెప్పవలసి వస్తుందనుకోలేదు.

నీ మందు సంగతి. నువ్వు చెప్పినట్టు రోజూ ఆపి వేస్తే నా పని జరిగిపోతుంది, నిజమే. నీ తప్పు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. రోగం ఏమిటని అడిగితే నిద్రపొమ్మన్నట్టుంది నీ వైద్యం. పైగా ఆపే మీట పుస్తకాల బీరువా వెనక ఉంది. దానికోసం రోజూ వంగితే నీ కెర్నెల్ కన్నా ముందు నా నడుం పోతుంది.

ఒక్క ప్రశ్న. రోజుకు వందల పరీక్షలు నడుపుతామన్నావు. మీ యంత్రాల్లో ఏదైనా తొమ్మిది రోజులు ఆగకుండా నడిచిందా? అవునో కాదో చాలు. రెండు పేజీలు అక్కర్లేదు.

అమ్మమ్మ

---

ఆఫీసు, మూడో అంతస్తు,
జనవరి 22.

అమ్మమ్మకు,

కాదు.

రోజూ సాయంత్రం అన్ని యంత్రాలనూ ఆపి కొత్తగా మొదలుపెడతాం. ప్రతి పరీక్షా శుభ్రమైన మెమరీతో మొదలవ్వాలనేది మా నియమం. అది పెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు, నియమం మిగిలింది. నీ ప్రశ్న మా సమావేశంలో అడిగితే తలా ఒక సాకు చెప్పారు. మౌని మాత్రం లేచి బోర్డు మీద 9 అని రాశాడు.

ఇప్పుడు గిన్నెలు లేకుండా. మెమరీని చిన్న చిన్న సమాన భాగాలుగా కోసి ఉంచుతాం. కొన్ని పనులకు ఒక్కొక్క భాగం ఎక్కడిదైనా సరిపోతుంది. కొన్ని పనులకు మాత్రం వరసగా, పక్కపక్కనే, మధ్యలో తెగకుండా బోలెడు కావాలి. నీ రికార్డింగు ప్రోగ్రాము నాలుగు నిమిషాలకోసారి అలాంటి పెద్ద వరస ఒకటి అడుగుతుంది. వరస దొరక్కపోతే కెర్నెల్ అన్నీ ఆపి, ఇక్కడివి అక్కడికి జరిపి, వరస తయారుచేసి ఇస్తుంది. ఆ జరిపే అరసెకనులోనే నీ మాట పోతోందని నా ఊహ. ఎనిమిది రోజుల్లో పెద్ద వరసలన్నీ ఎవరు చిన్నాభిన్నం చేస్తున్నారో తెలియాలి.

నీ పాత సిస్టముకూ కొత్తదానికీ మధ్య మా విభాగంలో జరిగిన మార్పులు తొంభై మూడు. సరిగ్గా సగం మార్పులు ఉన్న కెర్నెల్ తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. ఎక్కించి, మామూలుగా చదువుతూ ఉండు. ఖాళీలు వస్తే దోషి ఆ సగంలో ఉన్నట్టు, రాకపోతే మిగతా సగంలో ఉన్నట్టు. మళ్లీ అందులో సగం పంపుతాను. ఏడుసార్లు చేస్తే ఒక్కటి మిగులుతుంది. ఒక్కొక్కదానికి తొమ్మిది రోజులు, పోస్టుకు రానుపోను ఆరు. మే మొదటికి తేలుతుంది. ఇక్కడ కూడా ఒక యంత్రాన్ని ఆపకుండా నడపనిమ్మని పెద్దాయనను అడిగాను, నియమం నియమమే అన్నాడు. ఇంత ఓపిక నీకుందా?

గడుగ్గాయి

---

మేడమీది గది,
మార్చి 10.

గడుగ్గాయికి,

మూడోది నడిచింది. పన్నెండు రోజులు చూశాను, ఖాళీల్లేవు. తర్వాతిది పంపు. సగం సగం చేసి వెతకడం నాకు బోధించిన విధానం ముచ్చటగా ఉంది. అదే పాఠం నేను చెప్పేనాటికి మీ అమ్మకింకా ఎక్కాలు రావు.

ఓపిక ఉందా అని అడిగావు, వదిలేశాను. మళ్లీ అడగకు.

పాఠశాల వాళ్లకు నా చదువు అక్కర్లేదు కదా. అయినా నీ పరీక్షకోసం రోజూ పొద్దున రెండు గంటలు ఎవరూ వినని జ్యామితి చదువుతున్నాను. తలుపు మూసి, మైకు పెట్టుకుని, గోడకు చదువుతున్నాను. పనిమనిషి మొదటి వారం తొంగిచూసి, రెండో వారం మీ అమ్మకు ఫోన్ చేసింది, అమ్మగారు ఒంటరిగా త్రిభుజాలతో మాట్లాడుతున్నారని. మీ అమ్మ వెంటనే ఒక డాక్టరు పేరు చెప్పింది. ఆ డాక్టరు నా దగ్గర లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. నేను వెళ్లను.

అనౌన్సరమ్మ రికార్డు ఒకటి తెప్పించుకుని విన్నాను. గొంతు బాగుంది, అది ఒప్పుకోవాలి. సమీకరణం వచ్చినప్పుడు మాత్రం ఆవిడకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. బ్రాకెట్ మధ్యలో తీసుకుంటుంది. ఇల్లు కట్టేవాడు తలుపు సగంలో గోడ లేపినట్టుంటుంది. వినేవాళ్లకు బ్రాకెట్ కనబడదు కదా, మన ఊపిరే వాళ్లకు బ్రాకెట్. ఇది ఆవిడకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పను. కమిటీ అయ్యాక చెబుతాను.

హెడ్మిస్ట్రెస్ మొన్న ఎదురుపడి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. నాకు బాగానే ఉంది, కంప్యూటరుకు బాగాలేదు అన్నాను. "అలాగే మేడమ్, అలాగే" అంది. ఆ రెండో "అలాగే" ఉందే, అది నేను అరవై దాటినవాళ్లతో వాడేదాన్ని.

అమ్మమ్మ

---

ఆఫీసు, మూడో అంతస్తు,
ఏప్రిల్ 28.

అమ్మమ్మకు,

ఆరోది నడిపి "వచ్చింది" అని నువ్వు రాసిన కార్డు అందింది. ఇంకో పరీక్ష చాలు. తొంభై మూడులో మిగిలినవి రెండే మార్పులు.

ఒకటి మౌనిది. ఖాళీ అయిన భాగాలను వెనక్కి తీసుకునే క్రమాన్ని అతను మార్చాడు. నాకు మొదటి నుంచీ కొంత అనుమానం ఉంది. రెండోది అంతగా అనుమానించదగ్గది కాదు, చిన్న మార్పు. ఈ ఏడో పెన్‌డ్రైవ్‌లో మౌని మార్పు ఉంది, రెండోది లేదు. ఖాళీలు వస్తే దోషి మౌని మార్పే. రాకపోతే రెండోది. అంతే.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అందుకే పొట్టి ఉత్తరం. మౌని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, వచ్చే నెల చూస్తారు. పాపం అనిపిస్తుంది, కానీ ఏం చేస్తాం.

నీ నడుం ఎలా ఉంది? మందులు వేసుకుంటున్నావా?

గడుగ్గాయి

---

మేడమీది గది,
మే 11.

గడుగ్గాయికి,

ఏడోది నడిపాను. తొమ్మిదో రోజున ఖాళీలు వచ్చాయి, నాలుగు నిమిషాల పది సెకన్లకోసారి.

ఇంతకు మించి ఇప్పుడేమీ రాయను. నువ్వేం రాస్తావో చూస్తాను.

అమ్మమ్మ

---

ఆఫీసు, మూడో అంతస్తు,
మే 15.

అమ్మమ్మకు,

తేలిపోయింది. నీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మూడున్నర నెలలు ఇంత శ్రద్ధగా ఎవరు చేస్తారు! పెద్దాయనకు చెప్పాను. మౌని మార్పును తీసేస్తున్నారు. నీ గురించి మా అంతస్తు అంతా చెప్పుకుంటున్నారు. ఒకసారి వచ్చి మాకు పాఠం చెప్పమంటున్నారు కూడా.

మౌనిని పిలిచి చెప్పాను. "మళ్లీ ఒకసారి చూస్తారా?" అన్నాడంతే. చూడ్డానికి టైము లేదు కదా, కమిటీ ముప్పయ్యో తేదీన. హెడ్మిస్ట్రెస్‌కు కాగితం రాయడానికి పెద్దాయన ఒప్పుకున్నాడు. "మా సిబ్బందిలో ఒకరు చేసిన మార్పు వల్ల" అని రాస్తాను. నీ కుర్చీ నీకు వచ్చేస్తుంది. వచ్చే ఏడంతా నువ్వే చదువుతావు. ఇక మనం దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఎండలు ముదిరాయి, మేడమీది గదిలో ఫ్యాను సరిపోతోందా? కొత్తది పంపనా? కళ్లద్దాలు ఎప్పుడో మార్చాలన్నావు, అవి కూడా.

గడుగ్గాయి

---

మేడమీది గది,
మే 19.

గడుగ్గాయికి,

ఫ్యాను సరిపోతోంది. కళ్లద్దాలు కూడా సరిపోతున్నాయి. ఎంత బాగా సరిపోతున్నాయో రాస్తాను.

కంప్యూటరు వెలిగించగానే అన్నిటికన్నా ముందు ఒక వరస కనబడి పోతుంది. ఈ కెర్నెల్ ఎప్పుడు తయారైంది, తేదీ, వేళ. మీ ఆఫీసులో దాన్నెవరూ చదవరనుకుంటాను. నేను చదువుతాను, చదవడం నా పని. ఏడింటివీ రాసి పెట్టుకున్నాను. ఆరోది ఏప్రిల్ 11, మూడు గంటల నలభై రెండు నిమిషాలకు తయారైంది. ఏడోది కూడా ఏప్రిల్ 11, మూడు గంటల నలభై రెండు నిమిషాలకే తయారైంది. ఆరోదాని ఫలితం నీకు అందింది ఏప్రిల్ చివర్లో. ఆ ఫలితాన్ని బట్టి చేయవలసిన ఏడోది అంతకు రెండు వారాల ముందే, అదీ అదే నిమిషంలో ఎలా పుట్టిందో నాకు తెలియదు. కవలలు కూడా నిమిషం తేడాతో పుడతారు.

అంటే నువ్వు పంపింది ఆరోదే. అందులో రెండు మార్పులూ ఉన్నాయి. ఖాళీలు రావడంలో వింతేముంది? దాన్నిబట్టి మౌని దోషి అని తేల్చావు.

ఈ సంగతి నేను మొదటి రోజునే చూశాను. అయినా తొమ్మిది రోజులు ఆగి, నాలుగు వాక్యాలు రాసి, ఎదురుచూశాను. "అమ్మమ్మా, ఆగు, పొరపాటైంది" అని ఒక కార్డు వస్తుందేమోనని. వచ్చింది ఫ్యాను.

రెండో మార్పు ఎవరిదో నువ్వు రాయలేదు. అడగలేదు నేను, అడగనక్కర్లేదు. "చిన్న మార్పు" అన్నావు, జనవరిలో అదే రెండు శాతం వేగం తెచ్చిన మార్పు, అప్పుడు చిన్నది కాదు. తనదైన తప్పు చిన్నదిగానూ ఎదుటివాడిది అనుమానించదగ్గదిగానూ కనబడటం లోకంలో ఉన్నదే. దానికి ఇంజనీరింగ్ డిగ్రీ అవసరమని మాత్రం నాకిప్పుడే తెలిసింది.

ఇక కాగితం. "మా సిబ్బందిలో ఒకరు చేసిన మార్పు వల్ల" అని హెడ్మిస్ట్రెస్‌కు పంపకు. నేను మాటలు మింగుతున్నానని చెప్పి నన్ను లేపేశారు. ఆ మాట అబద్ధం కనుక నేను పోట్లాడాను. ఇంకొకడి మీద అబద్ధం పెట్టి నన్ను కూర్చోబెడితే, ఆ కుర్చీలో నేను కూర్చోను. అనౌన్సరమ్మే చదువుకోనీ, బ్రాకెట్ మధ్యలో ఊపిరి తీసుకోనీ.

ముప్పయ్యో తేదీకి పదకొండు రోజులుంది. ఏడో పరీక్ష తొమ్మిది రోజులు పడుతుంది, పోస్టు మూడు. నీ చేతుల్లో లెక్క కుదరదు. నీ నోటితోనే కుదరాలి.

అమ్మమ్మ

---

ఆఫీసు, మూడో అంతస్తు,
మే 23.

అమ్మమ్మకు,

ఆ రోజు నా బల్ల మీద రెండు పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. ఆరోదాని నకలు ఒకటి, కొత్త ఏడోది ఒకటి. కవరులో పెట్టింది పాతది, సొరుగులో వేసింది కొత్తది. అది నిజంగా పొరపాటే. మర్నాడు పొద్దున కొత్తది సొరుగులో కనబడింది. చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క కార్డు రాస్తే సరిపోయేది. రాయలేదు. పొరపాటు ఒక్క రోజుది, రాయకపోవడం ప్రతి రోజూ చేశాను. నీ కార్డు వచ్చాక మౌనిని పిలిచినప్పుడు కూడా ఆ పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉంది.

నువ్వు రాసినట్టే, రెండో మార్పు నాది. ఏం చేశానంటే, చిన్న భాగం అడిగినవాళ్లకు ఇదివరకు అప్పటికే తెగి ఉన్న వరసల్లో వెతికి ఇచ్చేవాళ్లం. వెతకడానికి సమయం పడుతుంది. నేను ఆ వెతుకులాట తీసేసి, చేతికి దగ్గరగా ఏ వరస ఉంటే దాన్ని తెంచి ఇచ్చేయమన్నాను. ఒక్క రోజు పరీక్షలో రెండు శాతం లాభం. ఎనిమిది రోజులకు పెద్ద వరస ఒక్కటీ మిగలదు. ఇది నాకు మార్చిలోనే తోచింది. కానీ పరీక్ష నడుస్తోంది కదా, అదే తేలుస్తుందిలే అనుకున్నాను. తేల్చబోయే సమయానికి నేనే అడ్డం పడ్డాను.

నిన్న పెద్దాయన గదికి వెళ్లి, మౌనిని కూడా పిలిచి, మొత్తం చెప్పాను. పెద్దాయన కంటే ముందు మౌని జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అతను నెల రోజులుగా తన సొంత కంప్యూటరును ఇంట్లో ఆపకుండా నడుపుతున్నాడు, తన మార్పుతో, నాది లేకుండా. ఒక్క ఖాళీ రాలేదు. పెద్దాయన అతని మీద విసుక్కున్నాడు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని.

"ఆవిడే చెబుతుందనుకున్నాను" అన్నాడు మౌని, నన్ను చూపిస్తూ.

దాని తర్వాత ఎవరేమన్నారో నాకు సరిగ్గా గుర్తులేదు.

వెతుకులాటను తిరిగి పెట్టి, దాన్ని త్వరగా జరిగేలా మార్చి దిద్దుబాటు రాశాను. రెండు శాతంలో అరశాతం మిగిలింది. మేం ఏ లోపం దిద్దినా దిద్దుబాటు కింద రెండు వరసలు రాయాలి, ఈ లోపం తెచ్చిన మార్పు ఎవరిది, లోపాన్ని బయటపెట్టినది ఎవరు అని. అవి ఎప్పటికీ చెరగవు, ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు. మొదటి వరసలో నా పేరు రాశాను. రెండో వరసలో నీది. దాన్ని సరిచూసి సంతకం చేసింది మౌని. పెద్దాయన అతని ఉద్యోగం పర్మనెంటు చేశాడు, విభాగం ఇక అతను చూస్తాడు. నేను అతని కింద పనిచేస్తాను.

హెడ్మిస్ట్రెస్‌కు రాసిన కాగితం ఇందులో పెట్టాను. ముందు నువ్వు చదువు. "లోపం చదివినవారిది కాదు. నేను చేసిన మార్పుది. దాన్ని మాకన్నా ముందు కనిపెట్టినది ఆవిడే" అని ఉంది. దిద్దిన కెర్నెల్ ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంది. తయారైన తేదీ, వేళ కవరు మీద రాశాను. సరిపోల్చుకో.

గడుగ్గాయి

---

మేడమీది గది,
జూన్ 6.

గడుగ్గాయికి,

తేదీ, వేళ సరిపోయాయి. నీ దిద్దుబాటు పదకొండో రోజు నడుస్తోంది. నిన్నటి గంట రికార్డు మొత్తం విన్నాను. ఖాళీల్లేవు. బాగుంది అని రాయడం నాకు అలవాటు లేదు కనుక ఖాళీల్లేవు అని రెండోసారి రాస్తున్నాను.

ముప్పయ్యో తేదీన కమిటీకి నేను కూడా వెళ్లాను. నీ కాగితం హెడ్మిస్ట్రెస్ పైకి చదివింది. కమిటీలో ఒకాయన, ఈ రాసినమ్మాయి మీకేమవుతుందని అడిగాడు. మనవరాలు అన్నాను. మనవరాలైతే అమ్మమ్మకు అనుకూలంగా రాయదా అని ఆయన అనుమానం. "అమ్మమ్మకు అనుకూలంగా రాయడానికి ఆ అమ్మాయి తన పదవి పోగొట్టుకుందండీ. మీ మనవళ్లెవరైనా అంత చేశారా?" అని అడిగాను. ఆయన కాగితం తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు.

లెక్కలు, సైన్సు నాకిచ్చారు. చరిత్ర, భాష అనౌన్సరమ్మకు. న్యాయమే. చరిత్రలో బ్రాకెట్లు తక్కువ. హెడ్మిస్ట్రెస్ గుమ్మం దాకా వచ్చి క్షమించమంది, నేను "అలాగే" అన్నాను. ఒక్కసారే అన్నాను.

నువ్వు మౌని కింద పనిచేస్తానని రాసిన వాక్యంలో ఏడుపు వినబడింది. నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. నోరు తెరవకుండా నెల రోజులు నీకు అవకాశం ఇచ్చినవాడి కింద పనిచేయడం అవమానమైతే, నోరు తెరిచి నాలుగు నెలలు తిట్టినదాని మనవరాలివి కావడం ఇంకా పెద్ద అవమానం. రెండూ భరించు. ఆ అరశాతం ఎలా మిగిల్చావో గిన్నెలు లేకుండా ఒక పేజీలో రాసి పంపు. తొందర లేదు.

ఇక నా సంగతి. కమిటీ అయ్యాక అనౌన్సరమ్మను పక్కకు పిలిచి బ్రాకెట్ల గురించి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, నన్నొక మాట అననిమ్మంది. నేను "ప", "బ", "భ" పలికినప్పుడల్లా ఊపిరి సూటిగా మైకుకు కొడుతోందట, చెవిలో తలుపు కొట్టినట్టు వినిపిస్తుందట. ఆరేళ్లుగా ఎవరూ చెప్పలేదేమని అడిగితే, మీకెవరు చెబుతారు మేడమ్ అంది. ఇంటికొచ్చి పాత రికార్డులు విన్నాను. నిజమే. పరిధి, భుజం, బిందువు, పాదం, జ్యామితి నిండా అవే. కంప్యూటరు మీదికి తోయడానికి వీలుంటుందేమోనని కూడా చూశాను. వీల్లేదు. ఇది మాత్రం నాదే.

దీనికి మైకు మీద తొడిగే స్పాంజి తొడుగు ఉంటుందని ఆవిడే చెప్పింది. మీ ఆఫీసు వెనక వీధిలో మైకులు, స్పీకర్లు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి కదా, వెళ్లి కొని పంపు. నా మైకు తల చుట్టూ దారం చుట్టి కత్తిరించి ఈ కవరులో పెట్టాను. ఆ దారం తీసుకువెళ్లి చూపించు, అంచనాతో కొనకు. గుండ్రంగా ఉన్నది కావాలి, బొచ్చుది వద్దు. వేళ్లతో నొక్కి చూడు, పొడి రాలితే పాతసరుకు, ఇంకోటి అడుగు. నలుపు రంగు, రెండు. బుధవారం లోపల నాకు అందాలి. గురువారం పొద్దున కొత్త పుస్తకం మొదలుపెడుతున్నాను, దాని మొదటి మాటే భౌతికశాస్త్రం.

అమ్మమ్మ